తనంతట తానే ఊడిపోయే జీను

మా మేడమ్ పోయింది. ఆ మాట మోసుకొచ్చింది శంషాబాద్ బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నడిపే ఆయన. నేను వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతున్నాను. ఆయన గేటు దాటి లోపలికి రాలేదు, అక్కడి నుంచే చెప్పాడు.

“అవ్వా, ఫోనొచ్చింది. మీ ప్లాస్టిక్ మేడమ్ పొద్దుగాల ల్యాబుల మెట్లెక్కుతుంటె పడిపోయిందంట. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయిందంట.”

చేట నా చేతిలోనే ఉంది. ఒక్క గింజ కూడా కింద పడలేదు. మనిషి బిగుసుకుపోతే చేతులు కూడా అట్లాగే ఆగిపోతాయి.

సాయంత్రానికి ఆమె అన్న వచ్చి శరీరాన్ని కృష్ణ ఒడ్డున ఉన్న సొంతూరికి తీసుకుపోయాడు. మరునాటికల్లా బజారు నోరు తెరిచింది. చాయ్ హోటల్ దగ్గర నలుగురు కూడి, “ప్లాస్టిక్ రక్తంల కలిసిందంట. గుండెకాడ గడ్డగట్టిందంట” అని చెప్పుకుంటున్నారు. నేను పాల కోసం పోతూ విన్నాను. నిలబడి అడిగాను: “ఎవడు చూసిండ్రా గడ్డను? నీ హోటల్ల మరిగి మరిగి నల్లవడ్డ నూనె ఊరినంత చంపుతది గని, మా మేడమ్ చేసింది చంపదు!” హోటల్ ఆయన నవ్వాడు.

ఈ మాటలు చెప్పి రాయిస్తున్నది అందుకే. నాకు అక్షరం రాదు. రాసే ఆమె మా చర్చిలో పిల్లలకు చదువు చెబుతుంది. నా మాటను పుస్తకం తెలుగులోకి దిద్దుకో, అర్థం మార్చావో ఊరుకోను అని ముందే చెప్పాను. చదివేవాళ్లకూ అదే చెబుతున్నాను. మా మేడమ్ ప్లాస్టిక్ వల్ల చావలేదు. చంపకుండా ఒంట్లోకి పోయే సరుకు ఒకటి చేయాలని ఆమె బతుకంతా పాకులాడింది. అది చేసింది కూడా. నేను నా కళ్లతో చూశాను. సగంలో లేచిపోకండి.

ఆమె మా ఇంటి వెనక గదుల్లోకి కిరాయికి వచ్చినప్పుడు, ఇంత చదువుకున్నామె పట్నం వదిలి ఇంత దూరం ఎందుకు వచ్చిందా అనుకున్నాను. ఇక్కడ గాలి బాగుంటుందంది. మనిషి సన్నగా, వేగంగా ఉండేది. మాట మాత్రం అద్దంలా శుభ్రం. నన్ను అందరూ అవ్వా అంటారని విని మొదటిరోజే “అవ్వగారూ” అంది.

“అవ్వకు గారేంది బిడ్డా! ఆ గారును దాచిపెట్టి, పండుగకు గారెలు జేస్కో.”

“సరే అవ్వగారూ,” అంది. పోయేదాకా అట్లాగే పిలిచింది.

ఏం పని చేస్తావని అడిగాను. “కణాల్లోకి జీన్‌ని పంపే పదార్థాలు తయారు చేస్తామండీ” అంది. కణాలంటే నాకు తెలియదని ముఖం చూసే కనిపెట్టి, “సెల్స్ అంటారు చూడండి, సెల్లులు” అని విడమరిచింది. ఇంకేం, అర్థమైపోయింది! సెల్లంటే టార్చిలైటులో వేసేది. జీనంటే గుర్రం వీపు మీద వేసేది. మా ఇంటాయన బతికున్నన్నాళ్లూ జట్కా తోలాడు. జట్కా గుర్రానికి వీపు మీద జీను లేకపోతే బండి బరువంతా దాని చర్మం మీదే పడుతుంది. టార్చిలైటు సెల్లులోకి జీను ఎందుకో నాకు తెలియలేదు. చదువుకున్నోళ్ల యవ్వారం, ఏదో ఉండే ఉంటుందనుకున్నాను. మరి ఆ జీనును దేనితో చేస్తారని అడిగితే, “ప్లాస్టిక్‌కి చుట్టం లాంటిదేనండీ” అంది. ఆ ఒక్క మాటతోనే బజారులో ఆమెకు ప్లాస్టిక్ మేడమ్ అని పేరు పడింది.

ఆ వారంలోనే మా ఇంటాయన పాత జోడీ మల్లయ్య వచ్చాడు. శంషాబాద్‌లో అప్పటికి జట్కా తోలేవాళ్లలో చివరివాడు. మేడమ్ అప్పుడే పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది.

“మేడమ్, నా గుర్రం నడుమ జర ఎడల్పు. జర పెద్దది జెయ్యుండ్రి.”

“ఏది అండీ?”

“జీను. ఈ మా వదిన చెప్పింది, మీరు ప్లాస్టిక్ జీను జేస్తుండ్రంట గద. సెల్లు ఎందుకేస్తరో నాకు సమజ్ గాలే. లైటు గిట్ల ఎలుగుతదా? ఏమైన గని ప్లాస్టిక్‌దైతె వానకు తడవది, తోలు లెక్క బరువు గాదు.”

మేడమ్ నన్ను చూసింది. నేను మల్లయ్యను చూశాను. అప్పుడు పుట్టిందండీ ఆమెకు నవ్వు! నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. గోడ పట్టుకుని గడప మీద కూలబడింది. నవ్వు ఆగిపోయినా ఆయాసం ఆగలేదు. ఇంత చిన్న వయసులో ఇంత ఆయాసమేమిటా అని అప్పుడే అనుకున్నాను.

కాని మల్లయ్యను ఆమె వెక్కిరించలేదు. కూర్చోబెట్టింది. చాయ్ తానే పెట్టి ఇచ్చింది. “మల్లయ్యగారూ, మా జీన్ వేరు,” అని మొదలుపెట్టింది. మన ఒళ్లంతా కంటికి కనబడని చిన్న చిన్న గదులట. వాటినే కణాలంటారట. ప్రతి గదిలోనూ ఏ పని ఎట్లా చేయాలో చెప్పే సన్నటి పోగు చుట్టి పెట్టి ఉంటుందట. ఆ పోగులో ఒక్కో ముక్క ఒక్కో జీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక ముక్క చెడిపోయి ఉంటుంది. మంచి ముక్కను గది లోపలికి చేర్చగలిగితే ఆ పిల్లలు బాగుపడవచ్చు.

“మరి చేర్చుండ్రి. ఎవరొద్దన్నరు?” అన్నాడు మల్లయ్య.

“గది వద్దంటుందండీ. ఒట్టి ముక్కను పంపితే రక్తంలోనే చీలికలు పేలికలైపోతుంది. గది దాకా పోయినా గోడ నెట్టేస్తుంది. అందుకని దాన్ని చుట్టి, మోసి, గోడకు అంటుకుని లోపలికి దూరే సరుకు ఒకటి కావాలి. జీన్ అనేది సామాను. నేను చేసేది ఆ సామానును మోసేది. అంటే...” ఆమె ఆగింది. కళ్లు ఇంతింత చేసుకుని చప్పట్లు కొట్టింది. “అంటే మీరన్నదే నిజం! నేను జీన్‌కి జీను చేస్తున్నాను!”

ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో! మరునాడు ల్యాబులో కూడా చెప్పిందట. అప్పటి నుంచి అక్కడ వాళ్లంతా ఆ సరుకును జీను అనే పిలిచారు. దేశం కాని దేశం పేరేదో ఉన్న సరుకుకు మా శంషాబాద్ జట్కావాళ్ల పేరు వచ్చింది. ఊరికే వచ్చిందా!

మిగతా దేశాల్లో చాలామంది ఈ మోతపనికి రోగం పురుగులనే, అదే వైరస్‌లను, వాడుతున్నారని ఒకసారి చెప్పింది. పురుగుకు ఒంట్లోకి దూరడం పుట్టు విద్య కదా, దాని విషం తీసేసి, సామాను కట్టి పంపుతారట.

“పాముకు కోరలు పీకితె పాము గాకుంట పోతదా?” అన్నాను.

“మా భయమూ అదే అవ్వగారూ. పైగా ఒకసారి వచ్చిన పురుగును ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది. రెండోసారి వస్తే తరిమి కొడుతుంది. మా సరుకుకు ప్రాణం లేదు. ప్రాణం లేనిదానికి పగ ఉండదు.”

“మరింకేంది కష్టం?”

“పట్టు ఎక్కువ. సామానును గట్టిగా పట్టుకునే గుణమే గోడనూ పట్టుకుంటుంది. పట్టుకుని చింపేస్తుంది. సామాను లోపలికి చేరుతుంది, ఇల్లు కూలుతుంది.” మళ్లీ అంది, “లోపలికి పోవడం గొప్ప కాదు అవ్వగారూ. ఇల్లు కూలకుండా లోపల ఉండడం గొప్ప.”

ఈ మాట ఎక్కడైనా రాసి పెట్టుకోదగ్గది. నాకు రాయడం రాదు కాబట్టి మనసులో పెట్టుకున్నాను. మా కోడళ్లందరికీ చెప్పాను. వాళ్లకు నచ్చలేదు.

ఆమెకు ఆదివారం లేదు. నేను తెల్ల చీర కట్టుకుని చర్చికి బయలుదేరితే ఆమె బస్సుకు బయలుదేరేది. “ఇయ్యాల గూడనా బిడ్డా?” అంటే, “కణాలకు ఆదివారం తెలియదండీ, ఆకలేస్తుంది” అనేది. గాజు గిన్నెల్లో కణాలను పెంచేది. వేళకు మేత పెట్టేది, పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పోసేది. మా దొడ్లో కోళ్లకు నేను చేసే చాకిరీ కన్న అది ఎక్కువ.

కొన్ని రోజులు చిన్నబోయిన ముఖంతో వచ్చేది. “అన్నీ చచ్చిపోయాయి అవ్వగారూ.” వేడన్నంలో మామిడికాయ పచ్చడి కలిపి పెడితే నాలుగు ముద్దలు తినేది. అంతలో ఆ ముఖమే మారిపోయేది. ఐదో ముద్ద చేతిలోనే ఉండేది, నోట్లోకి పోయేది కాదు. “చావడం మంచిదే అయింది. ఎందుకు చచ్చాయో ఈసారి తెలిసింది!” అనేది. ఎందుకు చచ్చాయో చెప్పలేనివాళ్లు బతికించామని చెప్పుకోకూడదని ఆమె మాట. చచ్చిన కణాలను చూసి సంతోషపడే మనిషిని నేను ఆమెనే చూశాను.

ఒకరోజు పని నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. నిజంగానే పరుగెత్తింది. ఆయాసంతో మాట రావడం లేదు, అయినా చెబుతోంది.

“అవ్వగారూ, జీను ఊడిపోవాలి!”

“ఏంది?”

“జీను గట్టిగా ఉండాలని చూస్తున్నాం మేము. తప్పు! లోపలికి చేరేదాకా గట్టిగా ఉండాలి. చేరాక ఊడిపోవాలి. ముక్కలు ముక్కలైపోయి, కడిగేస్తే పోయేలా ఉండాలి. అప్పుడు గోడ చిరగదు.”

నాకు కోపం వచ్చింది. జట్కా ఇంటి మనిషిని నేను. “తనంతట తానే ఊడే జీను ఎక్కడైన ఉంటదా? గసొంటిదాన్ని చెడ్డ జీనంటరు. బండి బోర్ల పడ్తది. మా ఇంటాయన గసొంటి జీను చేసినోని నెత్తి పగలగొట్టెటోడు!”

“బోర్లా పడాలండీ! అదే కావాలి! గది మధ్యలోకి పోయాక బండి బోర్లా పడాలి, సామానంతా కింద పడాలి. మీరు చెడ్డ జీను అన్నదే నాకు మంచి జీను.”

నేను ఓడిపోయాను. ఓడిపోయినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య దాని పేరు చెడ్డ జీను. “ఏమాయె నీ చెడ్డ జీను?” అని రోజూ అడిగేదాన్ని. ఆ సరుకంతా కంటికి కనబడని గొలుసులట, వాటి కీళ్లు కుదరడం లేదనేది. నీళ్లు తగిలితే మెల్లగా తెగే కీళ్లు కావాలట. మరీ తొందరగా తెగితే సామాను దారిలోనే పడిపోతుంది, తెగకపోతే ఇల్లు కూలుతుంది.

ఇక ఆమె నాకు ఒట్టేయించి చెప్పిన సంగతి. ఇప్పుడు ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను, ఎందుకంటే పోయినామె పరువు అంతకన్న పెద్దది. ఒక పండుగ పూట ఆమెకు తలంటి పోస్తూ నూనె రుద్దుతుంటే నా చేతికి ఒక గీత తగిలింది. ఎడమ రొమ్ము కింద మొదలై వీపు దాకా పోయిన పాత కోత. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందట. ఆ జ్వరం గుండెలోని తలుపును పాడుచేసిందట. డాక్టర్లు కోసి సరిచేశారు, కాని అది మళ్లీ బిగుసుకుంటోంది. మళ్లీ కోయించుకోవాలన్నారు.

“మరి కోయించుకో! ఏమనుకుంటున్నవ్ పాణమంటె!”

“కోయించుకుంటానండీ. ఈ ఒక్క జీను చూసుకుని. ఎవరితోనూ అనకండి. గుండె జబ్బు మనిషని తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారు.”

తిట్టాను. బతిమాలాను. మా ప్రభువు మీద ఒట్టేసి చెప్పాను. వింటేగా! గుండె తలుపు మూసుకుపోతున్న మనిషి కణం తలుపు తెరవడానికి ఉరుకుతోంది. ఆమెను ఆపడం ఎవరి తరం?

చెడ్డ జీను తయారైంది. చిన్న సీసాలో మంచుపెట్టెలో పెట్టిందట. ఇక కణాల మీద వేసి చూడడమే మిగిలింది. రేపు మాపు అంటుండగానే మెట్ల మీద పడిపోయింది.

ఆమె దగ్గర చదువుకుంటున్న పిల్ల నస్రీన్. పహాడీ షరీఫ్ గుట్ట కింద వాళ్లిల్లు. ఎమ్మెస్సీ అయిపోయి మేడమ్ దగ్గర చేరింది. ఆ చెడ్డ జీనుకు సామాను కట్టి, కణాల మీద వేయడం మేడమ్ ఆ పిల్లకు మాత్రమే నేర్పింది. చావు కబురు వచ్చిన నాలుగైదు రోజులకు నస్రీన్ మా ఇంటికి వచ్చి ఏడుస్తూ కూర్చుంది.

“మా అబ్బా పంపుతలేడు అవ్వా. మేడమ్‌ను ప్లాస్టిక్కే చంపిందని ఎవరో చెప్పిండ్రు. ఆ ల్యాబు కమరాల ఇగ అడుగు పెట్టొద్దంటుండు.”

“జర ఆగు. పది దినాలైతె ఆయన కోపం దిగుతది.”

“పది దినాలు ఆ సీసా ఆగదవ్వా! అది ఊడిపోయే సరుకు గద. మంచుల పెట్టినా జరంత తడి తగిల్నా కీళ్లు తెగుడు షురువైతది. మళ్ల చేద్దామంటె చేసే మనిషే లేదు.”

అప్పుడు నా ఒంట్లో మంట లేచింది. జీను ఎవరి కోసమూ ఆగదు. ఆమె అదే కోరి చేసింది. ఇప్పుడు ఎవరూ చూడకుండానే అది సీసాలో ఊడిపోతుంది. బజారు మాటే మిగులుతుంది. నేను చెప్పులేసుకుని, నస్రీన్‌ను వెంటబెట్టుకుని మామిడిపల్లి మీదుగా వాళ్లింటి వైపు పోయే ఆటో ఎక్కాను.

నస్రీన్ తండ్రి పొడుగు మనిషి. మాట మెత్తన, దగ్గు గట్టిది. బతుకంతా ఒక ప్లాస్టిక్ మగ్గుల కార్ఖానాలో పాత చెప్పులు, పగిలిన బకెట్లు కరిగించే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఆ పొగ ఆయన ఛాతీలో ఇల్లు కట్టుకుంది.

“చాయ్ తాగమ్మా,” అన్నాడు. “తాగినంక నువ్వెందుకొచ్చినవో నేనే చెప్త.”

“చెప్పు భాయ్.”

“నస్రీన్‌ను పంపమంటవు. నేను పంపను. ఇంకో చాయ్ తాగుతవా?”

“తాగుత. లొల్లి పెట్టుకోవాల్నంటె గొంతు తడి ఉండాలె గద.”

పరదా వెనక నస్రీన్ ఏడుపు మధ్యలోనే కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు.

“ప్లాస్టిక్ సంగతి నాకు చెప్తవా అమ్మా? నా ఛాతి మీద చెవి పెట్టి విను, ప్లాస్టిక్కే మాట్లాడ్తది. మా సేఠ్ గూడ ఏం గాదు, ఏం గాదు అన్నోడే. ఏం గాదన్నోడు మంచిగనే ఉన్నడు. నిలవడ్డోన్ని నేను గిట్లున్న. ఇగ నా బిడ్డెను నిలవెట్టమంటవా?”

బజారువాళ్లది ఒట్టి కూత. ఈయన భయం అట్లాంటిది కాదు, ఊపిరితో కొనుక్కున్న భయం. అందుకే ఆయనకు ఒట్టు సంగతి చెప్పాను. కోత గీత ఎక్కడ మొదలై ఎక్కడి దాకా పోయిందో నా ఒంటి మీద వేలితో గీసి చూపించాను.

“ఆమెను చంపింది గుండె. ఈ చేతులతోని నూనె రాసిన. అబద్ధమైతె ఈ చేతులు పడిపోనీ.”

“నువ్వు ఆమె మనిషివమ్మా. ఎనకేసుకొస్తవు.”

“అవును, ఆమె మనిషినే! ఎనకేసుకొస్త!”

“అట్లయితె ఒక్కటి చెప్పు. ఆ సరుకు చంపదని నువ్వు కండ్లార చూసినవా?”

నన్ను కట్టేశాడు ఆ మనిషి. చూడలేదు. నేనే కాదు, మేడమే చూడలేదు.

“చూడలే. ఎవ్వరు చూడలే. చూడాల్నంటె నీ బిడ్డె పోవాలె. నువ్వు పోనియ్యవు. గట్లయితె ఎన్నటికి తెల్వది. నువ్వు భయపడుకుంట కూసో, నేను తిట్టుకుంట కూసుంట!”

అప్పుడు నస్రీన్ పరదా తోసుకుని బయటికి వచ్చింది. “అబ్బా, నువ్వే రా. నువ్వే చూడు. నేనేసిన గిన్నెల కణాలు చచ్చిపోతె చచ్చినయని రాసి, ఇగ ఆ కమరాల అడుగు పెట్ట. బతికినయా, నన్ను ఆపొద్దు.”

“ఏయ్ పిల్లా!” అని నేను అరిచాను. ఇదేం పందెం! మేడమ్ చేతిలోనే ఎన్నిసార్లు చచ్చాయి! కాని మాట నోరు దాటింది. తండ్రి బిడ్డ వైపు తిరిగాడు.

“మాటేనా?”

“మాటే.”

ల్యాబు పెద్దసారు ఒప్పుకున్నాడు. మొదటిరోజు నస్రీన్ లోపలికి పోయి కణాల మీద సరుకు వేసింది. తండ్రి గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. మేడమ్ పడిపోయిన మెట్లు అవేనని ఎవరో చెప్పారు. లేవబుద్ధి కాలేదు. వేసినాక రెండు రోజులు ఆగాలట. ఆ రెండు రోజులూ నా ప్రార్థన ఒకటే: ప్రభువా, నా మోకాళ్ల నొప్పుల సంగతి తర్వాత చూద్దువు గాని, ముందు ఆ గిన్నెలు చూడు.

మూడో రోజు ముగ్గురం పోయాం. చెప్పులు బయట విడిచి చీకటి గదిలోకి పోయాం. బల్ల మీద కణాలను పెద్దవి చేసి చూపే దుర్బిణి ఉంది. నస్రీన్ గిన్నెలు సర్దుతూ చెప్పింది. సముద్రంలో గొడుగులా తేలే మెత్తటి జీవి ఒకటి ఉందట, చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తుందట. ఆ మెరుపు జీన్‌నే సామానుగా కట్టింది. కణం ఆకుపచ్చగా మెరిస్తే సామాను చేరినట్టు. మెరిసిన కణం కాళ్లు చేతులు చాపుకుని గిన్నెకు అంటుకుని ఉంటే బతికున్నట్టు.

మొదటి గిన్నె పెట్టి తండ్రిని చూడమంది. ఆయన వంగి చూశాడు. చూస్తూనే తల ఎత్తాడు.

“గివి గుండ్రంగ తేలుతున్నయి. సచ్చినయి గద?”

“సచ్చినయి అబ్బా.”

“అయిపోయింది. పా బేటీ.” ఆయన గొంతులో గెలిచిన ఉషారు లేదు. బిడ్డ భుజం మీద చెయ్యి వేశాడు.

కాని నస్రీన్ కదలలేదు. “కూసో అబ్బా. ఇది పాత సరుకు, ఊడనిది. మేడమ్ ఎన్నడైన సచ్చినవే ముందు చూపియ్యమనేది. బతికినవి ముందు చూపిస్తె కండ్లు మురిసిపోయి సచ్చినవాటిని సరిగ చూడయి అనేది. మేడమ్ కొత్త సరుకు ఇగ ఇది. నేను గూడ ఇంకా చూడలే.”

రెండో గిన్నె పెట్టింది. తానే ముందు కన్ను ఆనించింది. ఇక తల ఎత్తదే!

“ఏమైందే? నోట్ల ముద్ద పెట్టుకున్నవా? చెప్పు!”

నా రెక్క పట్టి లాగి దుర్బిణి ముందు కూర్చోబెట్టింది. మొదట నా రెప్పల వెంట్రుకలే కనబడ్డాయి. జర కిందికి వంగమంది. వంగాను.

ఏమని చెప్పను! నల్లటి నలుపు. ఆ నలుపులో వెలుగు. లేత చిక్కుడాకు వెనక పొద్దు నిలబడితే ఆకు ఎట్లా వెలుగుతుంది, ఆ ఆకుపచ్చ! ఒకటి కాదు, అక్కడొకటి, ఇక్కడ గుంపు. కాళ్లు చాపుకుని, చేతులు చాపుకుని, మధ్యాహ్నం వేపచెట్టు నీడలో పడుకున్న కూలీల్లా హాయిగా పరుచుకుని ఉన్నాయి. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ‘హల్లెలూయా’ అన్నావని నస్రీన్ అంటుంది. ‘బోర్ల పడ్డది, బోర్ల పడ్డది’ అన్నానని నాకనిపిస్తుంది.

“అన్నిట్ల లేదేందే లైటు?”

“అన్నిట్ల రాదవ్వా. గిన్నిట్ల వచ్చుడే పండుగ. ఇది గాజుగిన్నె ముచ్చటే, మందు గాదు. మందు గావాల్నంటె ఇంకెంతో చెయ్యాలె. గని సావలేదవ్వా. లోపలికి పోయింది, సావలేదు!” పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది.

నేను లేచి తండ్రికి చోటిచ్చాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కన్ను ఆనించాడు. నస్రీన్ ఒకసారి మామూలు దీపం వేసింది, ఒకసారి తీసేసింది.

“నస్రీన్,” అన్నాడు మెల్లగా. “గిదేంది? నడుమల ఒకటి సన్నగ నొక్కుకపోయింది. తెగిపోతుందా?”

నస్రీన్ ఆయన భుజం మీదుగా వంగి చూసింది. “తెగిపోతలేదు అబ్బా. రెండైతుంది.”

“రెండా?”

“ఆఁ. సచ్చేదైతె రెండెట్లయితది?”

“ఎంతసేపైతది?”

“జర టైం పడ్తది.”

ఆయన స్టూలును ముందుకు జరుపుకున్నాడు. రెండు మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి సగమే తీస్తూ కూర్చున్నాడు. ఆయన రెప్ప అంచున పచ్చటి చుక్క ఒకటి వణుకుతోంది. ఇంతలో గది కావాలని బయట ఎవరో తలుపు తట్టారు. నస్రీన్ లేవబోయింది. ఆయన కన్ను తీయకుండానే, వెనక్కి చెయ్యెత్తి, ఆగమన్నాడు.